కళ్ళు తెరవని రాజు

తిరుపతయ్య బాబాయితో అబద్ధమాడిన మనిషిని నేనే. ఇది ముందే చెప్పేయడం నయం. లేకపోతే కాసేపట్లో ఆదిశేషు గారిని తిట్టడం మొదలుపెట్టాక, నేనేదో హరిశ్చంద్రుడి చెల్లెల్నని మీరనుకుంటారు.

బాబాయిది పల్నాట్లో దుర్గి. తాతల నాటి నుంచి రాతి పని. మూడేళ్ళ క్రితం గుడి పనికిచ్చే వీసా మీద ఆయన్ని అమెరికాలోని ఎడిసన్ తీసుకొచ్చింది ఆదిశేషు గారు. ఈ పెద్దమనిషికి రెండు వ్యాపారాలు. గుళ్ళకు విగ్రహాలూ స్తంభాలూ చేయించి ఇవ్వడం ఒకటి, సాఫ్ట్‌వేర్ కన్సల్టింగ్ రెండోది. మొదటిదాంట్లో బాబాయి, రెండోదాంట్లో నేను. నా హెచ్-వన్‌బి ఆయన కంపెనీ మీదే ఉంది. గ్రీన్‌కార్డ్ కాగితాలు కదలాలన్నా ఆయన సంతకమే కావాలి.

బాబాయి దిగిన రోజునే, "నీ దగ్గరుంటే పోతుంది, నా లాకర్‌లో సేఫ్‌గా ఉంటుంది" అని ఆదిశేషు గారు ఆయన పాస్‌పోర్ట్ తీసుకున్నారు. రెండు గుళ్ళ పని అయ్యాక అడిగితే ఇంకొక్క బొమ్మ అన్నారు. ఆ ఒక్క బొమ్మా గుడికి కాదు, క్యారీ అనే ఊళ్ళో రిటైరైన డాక్టర్ కృష్ణమోహన్ గారి పెరట్లోకి. వీసా ప్రకారం అలాంటి పని చేయకూడదు. "బయటికి పొక్కిందంటే ముందు నిన్నే పట్టుకుపోతారు" అని కూడా ఆయనే చెప్పారు, పని అప్పజెప్పిన నోటితోనే.

ఆదిశేషు గారి వేర్‌హౌస్ వెనక రేకుల షెడ్డు బాబాయి పనిచోటు, పడకగది, వంటిల్లు అన్నీ. ఎదురుగా హైవే. కాలినడకన పోయేందుకు ఫుట్‌పాత్ లేదు, కారు నడపడం రాదు, ఇంగ్లీషు రాదు. శనివారాలు నేను కూరా పచ్చడీ పట్టుకెళ్ళేదాన్ని. నా కారు ఆగిన చప్పుడుకే రాయి కోసే గ్రైండర్ ఆపేసి బయటికొచ్చేవాడు. కుడి మణికట్టుకు ఎప్పుడూ ఒక గుడ్డ చుట్టి ఉండేది.

"తిమ్మిరమ్మా. ముందు చిటికెన వేలు, ఇప్పుడు రెండు వేళ్ళు. చెయ్యి పూర్తిగా పోకముందే ఇంటికి పోవాల" అన్నాడొకసారి. ఆయన కోరిక అంతే. చెయ్యి పనిచేస్తుండగా ఇంటికి చేరడం.

చెక్కాల్సిన బొమ్మ ఎనిమిది వందల ఏళ్ళ కిందటి ఖ్మేర్ రాజుది, ఏడో జయవర్మది. పద్మాసనం వేసుకుని, తల కాస్త వంచి, కళ్ళు మూసుకుని కూర్చున్న విగ్రహం. అసలుది కంబోడియా మ్యూజియంలో చేతులు విరిగి ఉంది. చేతుల్లేని బొమ్మ చచ్చినా చెక్కనని బాబాయి మొండికేశాడు. విరిగి భిన్నమైన విగ్రహం శిల్పి ఉలి కింద పుట్టకూడదట. డాక్టరు గారు ఒప్పుకున్నారు. రాజుకు ఒళ్ళో చేతులు పెట్టి చెక్కాడు. అమెరికా వచ్చాక బాబాయి మాట నెగ్గింది ఆ ఒక్కసారే.

డాక్టరు గారు ఆ రాజు గురించి నాలుగు పేజీలు రాసి పంపారు. నేను చదివి వినిపించేదాన్ని. నూట రెండు ఆసుపత్రులు పెట్టాడట. ప్రజల ఒంట్లో రోగం ఆయనకు మనసులో రోగమై ఇంకా ఎక్కువ బాధించేదని, ప్రజల దుఃఖమే రాజు దుఃఖమని శాసనంలో రాయించాడట. బాబాయి మణికట్టు నొక్కుకుంటూ విన్నాడు. రాజు వయసులో ఉండగా పొరుగున ఉన్న చంపా దేశంలో చిక్కుపడ్డాడనీ, ఇంటిదగ్గర తన రాజ్యం వేరొకడు కాజేశాడనీ చదవగానే ఉలి కింద పెట్టేశాడు.

"పరాయి దేశంలోనా? మరి ఎట్టా బయటపడ్డాడు?"

"తిరిగొచ్చాడట. అప్పటికే ఆలస్యమైపోయిందట. మళ్ళీ చాలా ఏళ్ళు కాచుకుని కూర్చున్నాడట."

"కాచుకుని ఏం జేశాడు?"

"అది రాయలేదు బాబాయ్."

"అదే గదమ్మా రాయాల్సింది" అన్నాడు చిరాగ్గా. అప్పటి నుంచి ఆ బొమ్మను 'మనోడు' అనేవాడు.

ఒకరోజు గుట్టుగా తన ఉపాయం చెప్పాడు. విగ్రహమంతా అయ్యాక చివర్న సన్న ఉలితో శిల్పి దాని కళ్ళు తెరవాలి, అంటే కంటి గీతలు చెక్కాలి. అందాకా అది ఉత్త రాయి, ఎవరూ ముట్టుకుపోరు. ఆ గడియలో శిల్పి ఏది అడిగినా కాదనరు. "రెండు గుళ్ళలో అడగలా. పాస్‌పోర్ట్ ఇస్తానన్నాడని నమ్మా. ఇప్పుడు అడుగుతా."

ఆ రాజువి అసలే మూసిన కళ్ళు; ఫొటోలో ఆ రెప్పలు చూసి, ఆ బొమ్మకింకా కళ్ళు తెరవలేదని బాబాయి అనుకున్నట్టున్నాడు. ఆ మాట అనబోయి ఊరుకున్నాను. ఆయన మొహంలో ఆశ చూశాక నోరు రాలేదు.

బొమ్మను తీసుకెళ్ళడానికి ఆదిశేషు గారు ట్రక్కుతో వచ్చిన రోజు నేనూ ఉన్నాను. తిరిగే ఇనప బల్ల మీద రాజు కూర్చున్నాడు. రెప్పలు నున్నగా, గీత లేకుండా ఉన్నాయి. బాబాయి చేతులు కట్టుకుని అడ్డం నిలబడ్డాడు.

"కళ్ళు తెరవలేదండి. నా పాస్‌పోర్ట్ ఇస్తే తెరుస్తా."

ఆదిశేషు గారు ముందు అర్థం కాక చూశారు. తర్వాత పగలబడి నవ్వారు. ఫోన్ తీసి మ్యూజియం ఫొటో చూపించారు. "చూడవయ్యా. ఈయన కళ్ళు మూసుకునే ఉంటాడు. నువ్వు తెరవక్కర్లేదు. పని పర్‌ఫెక్ట్‌గా ఉంది. లోడ్ చేయించు."

బాబాయి మొహం చూడలేక నేను షట్టరు వైపు తిరిగాను. ఆయన ఉలులు చుట్టిన గుడ్డ విప్పి సన్న ఉలి తీశాడు. దాన్ని రాజు కుడి రెప్ప మీద ఆనించాడు.

"అయితే ఇప్పుడు తెరుస్తా. మొదటి చూపు ఎదురుగా ఉన్నోడి మీద పడుద్ది. జరగమాకండి."

ఆదిశేషు గారు చటుక్కున పక్కకు తప్పుకున్నారు. కొత్త విగ్రహం మొదటి చూపు సోకితే కీడంటారు. అదంటే ఆయనకెంత భయమో నేనెరుగుదును. గుడిలో కళ్ళు తెరిచేటప్పుడు విగ్రహం ముందు అద్దం పెట్టించి, తాను హాలు బయట నిలబడే రకం. బాబాయి బల్లను తిప్పాడు. ఆదిశేషు గారు ఇటు జరిగితే బల్ల ఇటు తిరిగింది, అటు జరిగితే అటు తిరిగింది. గోడకు ఆనుకునే దాకా రాజు ఆయన్ని వదల్లేదు. నాకు నవ్వొచ్చింది, సిగ్గులేకుండా.

"రెప్ప పగిలితే డాక్టరు గారు తీసుకోరయ్యా! ఆపు!" అని అరిచి, లాకర్‌లో ఉందన్న పాస్‌పోర్ట్‌ను బ్యాగులోంచి తీసి నా మీదికి విసిరారు.

బాబాయి ఉలి ఎత్తలేదు. "నువ్వు చూడమ్మా. నాదేనా? తేదీలన్నీ బాగుండయ్యా?"

తెరిచి చూశాను. ఫొటో ఆయనదే. పాస్‌పోర్ట్ గడువు పోయి పది నెలలైంది. వీసా గడువు అంతకన్నా ముందే పోయింది. తల ఎత్తితే గోడకు ఆనుకున్న ఆదిశేషు గారు నా వంకే చూస్తున్నారు. ఏమీ అనాల్సిన అవసరం ఆయనకు లేదు. నా కాగితాలు ఏ సొరుగులో ఉంటాయో మా ఇద్దరికీ తెలుసు.

"అన్నీ బాగున్నాయి బాబాయ్" అన్నాను.

ఆయన ఉలి తీసేశాడు. మాట ఇచ్చాక మాటే. రెప్ప మీద పడిన దుమ్మును కండువాతో తుడిచి, తనే దగ్గరుండి ట్రక్కు ఎక్కించాడు. రాజు కళ్ళు మూసుకునే వెళ్ళాడు. ఆ పూట అది నాకు మంచిదే అయింది.

ఆ తర్వాత ప్రతి శనివారం, "టికెట్ ఎప్పుడమ్మా?" అని అడిగేవాడు. రేట్లు ఎక్కువున్నాయనీ, సీజన్ అనీ నీళ్ళు నమిలేదాన్ని. పాస్‌పోర్ట్ చొక్కా జేబులో పెట్టుకునే పడుకునేవాడు. నాలుగో శనివారం ఊరికి తీసుకెళ్ళడానికి ఏమన్నా కొనాలంటే మనవాళ్ళ కొట్లుండే ఓక్ ట్రీ రోడ్డుకు తీసుకెళ్ళాను. భార్యకు స్వెట్టరు కొన్నాడు. ఆమెకు చలి పడదట, దుర్గిలో కూడా. సంచీ ఒళ్ళో పెట్టుకుని కార్లో కూర్చున్నాడు. ఇంజన్ స్టార్ట్ చేయలేకపోయాను.

అంతా చెప్పాను. తేదీలు చదివాను, ఒక్కొక్కటే. ఆ రోజు ఎందుకు అబద్ధమాడానో కూడా చెప్పాను. నా కాగితాలు, ఆదిశేషు గారి సంతకం, సొరుగు. సోమవారం లీవ్ పెట్టి, కొత్త పాస్‌పోర్ట్ కోసం న్యూయార్క్‌లోని మన కాన్సులేట్‌కి తీసుకెళ్తానన్నాను. ఆదిశేషు గారికి తెలిస్తే తెలియనీ అన్నాను.

తిడతాడనుకున్నాను. తిట్టినా బాగుండేది. ఆయన పాస్‌పోర్ట్ తీసి, తెరవకుండా అటూ ఇటూ తిప్పి, మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు. తర్వాత నా వైపు తిరిగాడు.

"మరి నీ పాస్‌పోర్ట్ ఎవరి దగ్గరుందమ్మా?"

"నా దగ్గరే ఉంది బాబాయ్" అన్నాను. అది అబద్ధం కాదు, అయినా భయపడి అబద్ధమాడింది నేనే.