గిన్నెలు కావు, గొడుగులు

సుగుణమ్మక్క పరమపదించిందన్న కబురు బిట్రగుంట నుంచి వచ్చినప్పుడు నేను కోవూరులో వడ్లు ఆరబోస్తున్నాను. ముందు నమ్మలేకపోయాను, తర్వాత దుఃఖం వచ్చింది. కోపం మాత్రం ఆమె సంస్మరణ సభలో వచ్చింది, ఇంకా పోలేదు.

స్టేషను ఎదుట కాఫీ హోటలు నడిపిన ఆ పుణ్యమూర్తి ఒక విచిత్ర సంపదకు అధికారిణి. పాత తంతి స్తంభాలు పీకేసినప్పుడు, వాటి మీద తీగలను మోసిన గాజు ఇన్సులేటర్లను ఆమె ఏరి దాచింది. సముద్రపు పచ్చ, తేనె రంగు, లేత నీలం. చెత్తలో పడ్డవాటిని తెచ్చి, చింతపండుతో తోమి, కిటికీలో కొయ్య మేకుల మీద బోర్లించేది. సాయంకాలపు ఎండ వాటిగుండా ప్రసరించి హోటలు గోడంతా రంగులు పరిచేది.

జువ్వలదిన్నె చేపల వ్యాపారి ఒకాయన, "ఏందక్కా ఈ గిన్నెలు? పచ్చడికి బాగుంటాయే!" అన్నాడు.

"నీ గొడుగు తిరగేసి అందులో పచ్చడి పోసుకుంటావా?" అన్నది అక్క. ఆయనతో సహా అందరం నవ్వాం. ఆ తర్వాత ఒక ఇన్సులేటరును ఆయన చేతిలో పెట్టి ఓర్పుగా చెప్పింది: "ఇది తీగకి గొడుగయ్యా. వానలో ఊరంతా తడిసినా దీని కడుపు తడవదు. అందుకే మన కబురు స్తంభంలోకి జారిపోకుండా మద్రాసు దాకా పొయ్యేది. వెల్లకిలా పెట్టినావో, వట్టి నీళ్ల చిప్ప. బోర్లిస్తేనే దానికి పరువు."

ఈ మాట వినకుండా ఆ హోటల్లో కాఫీ తాగినవాడు లేడు. మరి సభ నిర్వాహకులు చేసిందేమిటి? ఆమె పటం ముందు ఇసుక పోసి, ఆ గాజు గొడుగులన్నీ వెల్లకిలా గుచ్చి, నూనె పోసి వత్తులు వెలిగించారు! ఉపన్యాసం సాగుతుండగానే, ఆమె ప్రాణప్రదంగా చూసుకున్న నీలం గాజు ఠప్పున పగిలింది. నూనె ఇసుకలో ఇంకింది. వక్త ఆగలేదు, "ఆమె జ్ఞానజ్యోతి" అంటూనే ఉన్నాడు.

నేను లేచి అరిచాను.

"దీపం పెడితే కోపమెందుకు పెద్దాయనా? భక్తితోనే గదా చేసినాం!" అన్నాడు ఆమె మేనల్లుడు.

భక్తి! బతికినన్నాళ్లూ ఆమె చెప్పిన ఒక్క మాట చెవిన పెట్టని భక్తి ఎవరికి కావాలి? మిగిలిన గాజులను కూడా స్మారక దిమ్మె మీద అట్లాగే, వెల్లకిలా, సిమెంటుతో బిగిస్తారట.

నేను బడికి పోయినవాణ్ణి కాను. ఆ హోటల్లో పేపరు కూడబలుక్కుంటూ, తప్పు చదివితే అక్క చేత చీవాట్లు తింటూ అక్షరాలు నేర్చినవాణ్ణి. అంతటి మనిషిని ఈ తీరం మళ్లీ చూడబోదు. ఆమెకు నా సాష్టాంగ ప్రణామం. దండలు, దిమ్మె మీ ఇష్టం. సిమెంటు మాట మాత్రం మానండి. ఆ గాజులను మళ్లీ కొయ్య మేకుల మీద బోర్లించండి.

వానకాలం వస్తోంది.