అడక్కుండా కత్తిరించిన జడలు

మా ఆంటీ పోయింది. మంగళవారం పొద్దున డ్యూటీకి వెళ్తూ బస్సులో ఉండగా వాళ్ళమ్మాయి ఫోన్ చేసి చెప్పింది. హాంబర్గ్‌లో నాకు నర్సు పని నేర్పిన ఘనా దేశపు ఆవిడ ఆమె. మనలాగే వాళ్ళూ పెద్దవాళ్ళని ఆంటీ అంటారు, అందుకే ఆ పిలుపు మా ఇద్దరికీ కుదిరిపోయింది. ఏడుపు తర్వాత వచ్చింది. ముందు వచ్చింది కోపం. అదింకా తగ్గలేదు.

వృద్ధాశ్రమంలో పనికి చేరిన మొదటి వారం, ముచ్చటపడి ఆమె జడ ఒకటి పట్టుకుని చూశాను. సన్నసన్నటి జడలు, భుజాల దాకా. నా చెయ్యి తీసి పక్కన పెట్టింది. "ఇదేమన్నా జూ అనుకున్నావా? ముట్టుకోవాలంటే అడుగు." సిగ్గుతో చచ్చిపోయాను. ఆ రోజే, మాట పడిపోయిన ఒక ముసలావిడకి తల దువ్వడం నేర్పింది. దువ్వెన పట్టుకుని "దువ్వనా?" అని అడిగి, ఆగింది.

"ఆవిడ చెప్పలేదు కదా ఆంటీ?"

"చెప్పలేదనే అడగాలి. అడిగి కాసేపు ఆగాలి."

జర్మన్‌లో రోగిని చూసుకోవడం ఫ్లేగె. ఒద్దికగా, శుభ్రంగా ఉన్న మనిషి గెఫ్లేక్ట్. రెండూ ఒకే మాటలోంచి పుట్టాయి. ముప్ఫై ఏళ్ళు ఫ్లేగె చేసిన ఆంటీని, పాత ఉద్యోగంలో పై అధికారిణి "గెఫ్లేక్ట్‌గా రండి" అని ఇంటికి తిప్పి పంపింది. తప్పల్లా పుట్టుకతో వచ్చిన జుట్టుదట! జుట్టు సాపు చేసే క్రీము రాసుకుంటే నెత్తి కాలి పొక్కులు లేచేవి. తర్వాత ఏళ్ళ తరబడి, ఎండాకాలంలో కూడా, విగ్గు. ఒకరోజు దాన్ని లాకర్లో పడేసి జడలతో వార్డులోకి నడిచింది. "మావాళ్ళని బానిసలుగా ఓడ ఎక్కించే ముందు గుండు గీసేవాళ్ళు. ఎవరి పిల్లో, ఏ ఊరో జడలే చెప్పేవి కదా. అప్పట్నుంచీ అందరి కన్నూ మా నెత్తి మీదే" అనేది.

మనవాళ్ళూ తక్కువ తినలేదు. తైలసంస్కారం లేదంటూ జుట్టులో సంస్కారం వెతికే భాష మనది. ఇక్కడి మా తెలుగువాళ్ళ ప్రార్థన కూడికలో ఆంటీ మాటొస్తే ఒకావిడ "ఆ జుట్టుకి అసలు నీళ్ళు తగుల్తాయంటావా అక్కా?" అని నవ్వింది. నేనూ నవ్వాను. తలుచుకుంటే నన్ను నేనే లాగి కొట్టాలనిపిస్తోంది.

పోయిన నెల ఆంటీకి పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. నాకు సెలవు దొరికి ఆసుపత్రికి వెళ్ళేసరికి జడల్లేవు. అడ్డదిడ్డంగా కత్తిరించిన మొదళ్ళు మిగిలాయి.

"చిక్కులు పడిపోయింది, గెఫ్లేక్ట్‌గా లేదు, అందుకే" అంది అక్కడి నర్సు, మామూలుగా.

"ఆమెని అడిగారా?"

"ఆమె మాట్లాడదు కదా."

కొలోన్‌లో ఉండే కూతురినీ అడగలేదు. జడలు చెప్పులతో పాటు ప్లాస్టిక్ సంచిలో ఉన్నాయి. ఆంటీ కదిలే చేత్తో తల తడుముకుని నావైపు చూసింది. ఇంకో వారానికి పోయింది.

నిన్న శవపేటిక మూసే ముందు, వాళ్ళమ్మాయి పసుప్పచ్చ తలగుడ్డ నా చేతికిచ్చి కట్టమంది. వంగి, "ఆంటీ, తల ముట్టుకోనా?" అని అడిగాను. మూత పట్టుకున్నవాళ్ళు గడియారం చూసుకున్నారు. చూసుకోనీ. గుడ్డ చేతిలో పట్టుకుని, ఆమె నేర్పినంత సేపూ ఆగాను.