వయొలాల పదహారు ఆవర్తాలు

ఉత్తర వర్జీనియాలోని ఒక సింఫనీ ఆర్కెస్ట్రాలో నేను సహాయ లైబ్రేరియన్‌గా చేరిన మూడో ఏడాది, అక్టోబరు మొదటి వారంలో, నా బల్ల మీదికి ఒక కొత్త రచన వచ్చింది. వాయిస్తే పన్నెండు నిమిషాలు. రాసినవారు అర్పినే అనే ఆర్మేనియా స్వరకర్త.

లైబ్రేరియన్ అంటే పుస్తకాలు ఇచ్చి పుచ్చుకునే ఉద్యోగమనుకుంటారు. ఆర్కెస్ట్రాలో పని వేరు. బృందాన్ని నడిపించే కండక్టర్ ముందు అన్ని వాద్యాల స్వరాలూ ఒకేచోట ఉండే స్కోరు ఉంటుంది. వాద్యకారుల ముందు ఎవరి భాగం వారికే ఉంటుంది; దాన్ని పార్ట్ అంటాం. ప్రతి పార్టునూ స్కోరుతో గుర్తు గుర్తుకీ పోల్చి, రిహార్సల్ నాటికి స్టాండ్ల మీద సిద్ధంగా ఉంచాలి. ఏదైనా తేడాగా అనిపిస్తే చీటీ రాసి ప్రధాన లైబ్రేరియన్‌కి ఇవ్వాలి. స్వరకర్తను అడిగేది ఆయనే.

అర్పినే ఆర్మేనియా రాజధాని యెరెవాన్‌లో చదువుకుని, అక్కడ పిల్లల నాటకాలకు సంగీతం రాశారు. అమెరికా వచ్చాక పదిహేనేళ్లుగా మా దగ్గరలోని హెర్న్‌డన్‌లో పియానో పాఠాలు చెబుతూ, నలుగురైదుగురు వాయించే చిన్న రచనలు చేస్తున్నారు. పూర్తి ఆర్కెస్ట్రా ఆమె రచన వాయించడం నలభై ఏడో ఏట ఇదే మొదటిసారి. కొత్త స్వరకర్త తయారుచేసి పంపిన పార్టుల్లో తప్పులుంటే రిహార్సల్ సమయం వృథా అవుతుంది. కండక్టర్లు అది మరిచిపోరు, ఒకరికొకరు చెప్పుకుంటారు కూడా.

ఆ రచన చివర్లో ఏడు దెబ్బలకో ఆవర్తంగా సాగే నడక ఉంది. వాద్యాలన్నీ ఒకటో దెబ్బ, నాలుగో దెబ్బ ఒత్తి పలకాలి. చిన్నప్పుడు విజయవాడలో వయొలిన్ నేర్చుకున్నదాన్ని కనుక చూడగానే మిశ్ర చాపు తాళం గుర్తొచ్చి పొంగిపోయాను. తకిట తకధిమి! కానీ వయొలిన్ కన్నా కాస్త పెద్దవైన వయొలాలకు మాత్రం పదహారు ఆవర్తాల పాటు ఒత్తు అయిదో దెబ్బ మీద ఉంది. స్కోరులోనూ అంతే. కంప్యూటర్‌లో జారిన తప్పు రెండింట్లోకీ వచ్చిందనుకున్నాను. ఈ తాళం నాకు తెలుసుననే ధీమాతో చీటీ రాయలేదు. స్కోరు అప్పటికే కండక్టర్ దగ్గరికి వెళ్లిపోయింది కనుక అందులో మార్చలేకపోయాను. అయిదు వయొలా పార్టుల్లో అచ్చు గుర్తుల మీద తెల్ల కాగితపు పట్టీ అంటించి, ఒత్తును పెన్సిల్‌తో నాలుగో దెబ్బకి మార్చేశాను.

మంగళవారం ఉదయం రిహార్సల్‌లో ఆ చోటు రాగానే కండక్టర్ చెయ్యి ఆపేశారు. తన స్కోరులో ఒకటుంటే వయొలాలు ఇంకొకటి వాయిస్తున్నాయన్నారు. మళ్లీ వాయించమన్నారు. మళ్లీ అదే. హాల్లో కూర్చున్న అర్పినే లేచి నిలబడి, స్కోరే సరైనదన్నారు. మరి పార్టులు ఎవరు సరిచూసుకున్నారని కండక్టర్ అందరి ముందూ అడిగారు. ఇలాంటి కాగితాలతో పని చేయలేనని, ఈ రచన తీసేసి అందరికీ వచ్చిన పాత ఓవర్చర్ రచన ఒకటి పెట్టుకుందామని చెప్పి, ఇరవై నిమిషాల బ్రేక్ ఇచ్చారు. అర్పినే కోటు బొత్తాలు పెట్టుకోవడం మొదలుపెట్టారు.

వయొలా విభాగానికి నాయకురాలు మేఘన, ఇక్కడే పుట్టి పెరిగిన తెలుగమ్మాయి. పార్ట్ పట్టుకుని తెర పక్కన ఉన్న నా దగ్గరికొచ్చింది.

"ఆంటీ, ఈ పెన్సిల్ మీదే కదా?"

"నాదే."

"ఇట్స్ ఓకే. నేను ఎవరికీ చెప్పను. వాళ్లు అంతా కంప్యూటర్ మిస్టేక్ అనుకుంటారు."

"అర్పినే చేసిన మిస్టేక్ అనుకుంటారమ్మా," అన్నాను. కండక్టర్ గదికి నడిచాను.

జరిగింది చెప్పాను. సరిచేయడానికి ఎంతసేపు కావాలని మాత్రమే అడిగారు. బ్రేక్ ముగిసేలోగా అన్నాను. ఒక్కసారి చూస్తానన్నారు.

అర్పినేకి చెప్పినప్పుడు ఆమె తన భాషలో రెండు మాటలన్నారు. అర్థం అడగాల్సిన అవసరం లేకపోయింది. తరువాత కోటు విప్పి కుర్చీ మీద పడేసి, మేఘన పక్కన కూర్చున్నారు. ముగ్గురం పట్టీలు ఒలవసాగాం. కింద అచ్చు గుర్తులు చెక్కుచెదరలేదు.

"అసలెందుకు మార్చావు?" అని అడిగారు.

బల్ల మీద వేళ్లతో వేసి చూపించాను. తకిట తకధిమి. ఆమె తల అడ్డంగా ఊపి, నన్ను ఆపొద్దని సైగ చేసి, తాను ఎదురు దెబ్బలు వేశారు. తకధిమి తకిట! రెండు వరుసలూ ఒరుసుకుంటూ వెళ్లి ప్రతి ఆవర్తం మొదట్లో ఠక్కున కలుసుకున్నాయి. నాకు ఒళ్లు జలదరించింది. "ఓ మై గాడ్ ఆంటీ, అది ఫైట్ కాదు, డాన్స్!" అంది మేఘన, పట్టీ ఒలవడం మరిచిపోయి.

బ్రేక్ తరువాత ఆ పదహారు ఆవర్తాలూ వేదిక అదిరేలా సాగాయి. డ్రమ్ముల దగ్గరి మనిషి నవ్వు ఆపుకోలేక తల దించుకున్నాడు. కండక్టర్ మళ్లీ వాయించమన్నారు. ఈసారి తప్పు పట్టడానికి కాదని ఆయన ముఖం చూస్తేనే తెలిసింది. శనివారం కచేరీలో రచన ముగిశాక జనం లేచి నిలబడ్డారు. నేను తెర పక్కనే నిలబడి అరచేతులు మండేదాకా చప్పట్లు కొట్టాను.

ఆ కచేరీకి వచ్చిన మరో నగరపు ఆర్కెస్ట్రా నిర్వాహకురాలు ఆ వారమే స్కోరు తెప్పించుకున్నారు. ఏడాది తిరక్కుండా అర్పినేకి కొత్త రచన చేసే అవకాశం ఇచ్చారు. ఆ తరువాత చెల్లో వాద్యం ప్రధానంగా సాగే కన్చెర్టో, బృందగానం, ఒక ఆపెరా వరుసగా వచ్చాయి. పియానో పాఠాలు మానేశారు. ప్రధాన లైబ్రేరియన్ నా ఫైల్‌లో హెచ్చరిక రాశారు. అది న్యాయమే.

తరువాత పద్దెనిమిదేళ్లు ఆ బల్ల దగ్గరే పనిచేసి రిటైరయ్యాను. తెలియక చేసే పొరపాట్లు రెండోసారి సరిచూసినప్పుడు దొరుకుతాయి. బాగా తెలుసుననుకుని చేసినవి దొరకవు. మనం వెతకం కనుక. అందుకే నాకు ఖాయంగా తెలుసనిపించిన చోటే ముందుగా చీటీ రాయడం అలవాటు చేసుకున్నాను.