చోటే మియా చావు కబురు

చోటే మియా పేరులోనే చోటా, మనిషి నిలువెత్తు గుంజ. డెబ్బయి ఒకటి యుద్ధంలో పక్కనే గుండు పేలి కుడిచెవి పోయింది. పింఛను తింటూ ఇంట్లో కూర్చుంటే ఎవరైనా వద్దన్నారా? ఊహూ! గద్వాల ప్రాంతంలో, తుంగభద్ర ఒడ్డునున్న సొంతూళ్లోనే టెంటు హౌసు పెట్టాడు. పెళ్లిళ్లకు గీచిగీచి బేరమాడే మనిషి, చావుకు మాత్రం తెల్ల షామియానా ఉచితంగా ఇచ్చేవాడు. ఏ కులమని అడిగేవాడు కాదు. తనే వచ్చి గుంజలు పాతి, అంతా అయ్యేదాకా నిలబడేవాడు.

కిష్టయ్యదీ అదే ఊరు, అదే పటాలం. ఎవరు ముందు పోతే వాళ్ల గుంత రెండోవాడే తవ్వాలని యుద్ధంలో మాటిచ్చుకున్నారు. "నీ ఖబరుకు కూలోళ్లను పెట్టనియ్య, నేనే తవ్వుత" అని కిష్టయ్య ఎప్పుడూ ఆటపట్టించేవాడు. సాయిబుల శ్మశానం, ఖబరస్తాన్, ఏటి పక్క పల్లంలో ఉంది.

రెండువేల తొమ్మిది అక్టోబరులో ఏటి మీద చచ్చిన బర్రెలు కొట్టుకొచ్చాయి. పాములు గట్లెక్కాయి. అది మామూలు వరద కాదని చోటే మియాకు అర్థమైంది. గుట్టెక్కండని ఇంటింటికీ తిరిగి మొత్తుకున్నాడు.

"ఏరు ఏటేటా వస్తది, పోతది. జర ఊకో మియా" అంది భాగ్యమ్మ, పల్లికాయ కుప్ప మీద పట్టా కప్పుతూ.

"నీ పల్లికాయ పాడుగాను! పానాలకంటె ఎక్కువా?"

ఒక్కరూ కదల్లేదు. ఇంటికొచ్చి భార్య మున్నీబీతో అన్నాడు: "గుట్ట మీద తెల్ల టెంటు ఏసి, దాని కింద పండుకుంట. నేను సచ్చిన్నని ఏడ్వు."

"తోబా తోబా! బతికున్న మొగని మీద ఏడ్వాల్నా? నాతోని కాదు."

"సావంటె ఈ ఊర్ల ఇంట్ల కూసునేటోడు లేడు. జర ఏడ్వు మున్నీ, ఊరు బతుకుతది."

తమ్ముడి కొడుకు పర్వేజ్ బండి మీద ఊళ్లోకి చావు కబురు తీసుకెళ్లాడు. గుట్ట మీద టెంటు కింద మున్నీబీ భర్త మొహం మీద దుప్పటి కప్పి గుండెలు బాదుకుంది. ఆ ఏడుపుకు దుప్పటి కింద ఆయనకే ఒళ్లు జలదరించింది.

ఊరు కదిలింది. పిల్లలను చంకనేసుకుని, నడవలేని ముసలివాళ్లను ఎడ్లబండ్లెక్కించి, మియా ఆఖరి చూపు కోసం వచ్చింది.

"అయ్యో మియా, మా నాయిన పోతె నువ్వే గదా టెంటు ఏసింది!" భాగ్యమ్మ గొంతు విని ఆయనకు కన్నీళ్లాగలేదు. అంతలో కింద ఏదో విరిగిపడ్డ చప్పుడు. దుప్పటి తోసి లేచాడు.

ఆడవాళ్లు కెవ్వుమన్నారు. "దొంగ సచ్చినోడా!" అని భాగ్యమ్మ తిట్టబోతూ కిందికి చూసింది. వీధుల్లో ఎర్రనీళ్లు సుడులు తిరుగుతున్నాయి. గోడలు ఒక్కొక్కటే కూలుతున్నాయి.

చోటే మియా గబగబా మొహాలన్నీ చూశాడు. కిష్టయ్య భార్య సత్తెమ్మ గుంజ పట్టుకుని నిలబడి ఉంది.

"కిష్టయ్య యాడ చెల్లె?"

సత్తెమ్మ ఆయన్నే వింతగా చూసింది. "నీ కబురు ఇనంగనే గడ్డపార వట్టుకొని ఖబరస్తాన్‌కు పోయిండన్నా. మాటిచ్చిన, నేనే తవ్వాలె అన్నడు."

ఖబరస్తాన్ ఉండాల్సిన చోట నీళ్లే ఉన్నాయి.

"కిష్టా!" అని అరుస్తూ కిందికి ఉరకబోయిన మనిషిని నలుగురు పట్టుకున్నారు. సత్తెమ్మ కూలబడింది. ఆమెను వాటేసుకుని మున్నీబీ మళ్లీ ఏడ్చింది. ఈసారి ఏడవమని ఎవరూ చెప్పలేదు.