మల్లి గారు కట్టలేకపోయిన ముడి

మల్లికార్జున్ గారు పోయారన్న కబురు నాకు టెక్సస్‌లోని ఇర్వింగ్‌లో ఆఫీస్ పార్కింగ్‌లో ఉండగా ఫోన్‌లో వచ్చింది. తెలుగువాళ్ల గ్రూప్‌లో, సోఫా అమ్మకానికి ఉందన్న మెసేజ్‌కీ, ఎయిర్‌పోర్ట్‌కి రైడ్ కావాలన్న మెసేజ్‌కీ మధ్య ఒకే ఒక్క వాక్యం. కింద వరసగా దండాల బొమ్మలు. కాసేపు కారు దిగలేకపోయాను. తర్వాత ఒళ్లు మండింది. అంత మనిషికి ఒక్క వాక్యమేనా అని టైప్ చేసి, పంపకుండా చెరిపేశాను. అందుకే ఇది రాస్తున్నాను.

ఆయన మా టీమ్ లీడ్. మాస్టర్స్ ముగించి ఉద్యోగంలో చేరిన మొదటి వారంలోనే నేను క్లయింట్‌తో గొడవ పెట్టుకున్నాను. ఆయన తిట్టలేదు. "శనివారం పొద్దున్నే రామ్మా, చేపలు పడదాం. అక్కడ నువ్వెంత అరిచినా ఎవరూ పైవాళ్లకి ఎస్కలేట్ చెయ్యరు" అన్నారు. అప్పటికే ఆయనకు పార్కిన్సన్స్, చేతులు వణికే జబ్బు. డ్రైవింగ్ మానేశారు. అలా ఊరికి గంట దూరంలోని రిజర్వాయర్‌కి ఆయన్ని నేనే తీసుకెళ్లేదాన్ని.

ఆనకట్ట కట్టినప్పుడు మునిగిన చెట్లు అక్కడ నీళ్లలోంచి మోడులుగా నిలబడి ఉంటాయి. వాటి మొదళ్ల దగ్గర బాస్ అనే జాతి చేపలు పొంచి ఉంటాయి. పడవలో అక్కడిదాకా వెళ్లి, కొక్కేనికి రబ్బరు వానపామును గుచ్చి అడుక్కి దించి, గాలం రాడ్ కొసను సన్నగా వణికించాలి. నేను వణికిస్తే వానపాముకి ఫిట్స్ వచ్చినట్టుండేది. ఆయన చేతిలో అది ప్రాణం పోసుకునేది.

"దీనికోసం జనాలు వీడియోలు చూసి ప్రాక్టీస్ చేస్తారు కీర్తీ. నాకు ఫ్యాక్టరీ సెట్టింగ్‌లోనే వచ్చేసింది" అని తన చెయ్యి చూపించి నవ్వేవారు.

పట్టిన ప్రతి చేపనూ వదిలేసేవారు. "వదిలెయ్యనీకేనా సార్ ఇంత దూరమొచ్చింది? పులుసన్నా పెట్టుకోవచ్చు గదా" అని ఒకసారి గొణిగాను.

"ఇంత పెద్దయ్యేదాకా ఎవరికీ చిక్కలేదంటే మన మేనేజర్లకంటే తెలివైంది. గౌరవించాలమ్మా."

ఆయన భార్య విజయ ఆంటీ మాత్రం ఒక షరతు పెట్టారు. కొక్కేన్ని ఆయన తనంతట తాను దారానికి కట్టుకోగలిగినన్నాళ్లే పడవ ఎక్కాలి. ముడి వెయ్యలేని చేతులు పడవలో పట్టు తప్పితే ఎలా అన్నది ఆవిడ భయం. ఆయన ఒప్పుకున్నారు. ఆయన వారమంతా బతికింది ఆ శనివారం కోసమే. అది ఆ ముడి మీదే ఆధారపడిందని మా ముగ్గురికీ తెలుసు.

మొన్న వసంతంలో ఒక శనివారం దారం కొక్కెం బెజ్జంలోకి ఎక్కలేదు. దారాన్ని నోటితో తడిపారు, కొక్కేన్ని మోకాళ్ల మధ్య బిగించారు, మళ్లీ మొదలుపెట్టారు. పడవ పక్కనే చేప ఎగిరి పడింది. నాకు ఓపిక చచ్చిపోయింది.

"ఇటియ్యండి సార్, రెండు నిమిషాల పని. ఆంటీకి ఎవరు చెప్తరు?"

"నేను చెప్తాను" అన్నారు. కొక్కేన్ని పెట్టెలో పెట్టేశారు. "పద, ఇంటికెళ్దాం."

దారంతా నేనే గునిశాను. ఆయన కిటికీలోంచి చూస్తూ కూర్చున్నారు. ఇంటికెళ్లి, బూట్లు కూడా విప్పకుండా, "విజయా, ఇవాళ కట్టలేకపోయాను. ఇంక వెళ్లను" అన్నారు. నేను తప్ప ఎవరూ చూడని చోట ఓడిపోయి, వచ్చి తలెత్తుకుని చెప్పిన మనిషిని నేను అదే మొదటిసారి చూడడం. ఆంటీ లోపలికి వెళ్లిపోయారు.

తర్వాతి శనివారం తెల్లవారకముందే ఆంటీ ఫోన్ చేశారు. వెళ్లేసరికి ఇద్దరూ గుమ్మంలో రెడీగా ఉన్నారు. ఈత రాని, చేప వాసనే గిట్టని ఆంటీ, చుడీదార్ మీద లైఫ్ జాకెట్ వేసుకుని పడవెక్కారు. కళ్లజోడు నుదుటి మీదకి తోసుకుని, ఒక్క ప్రయత్నంలో దారం ఎక్కించి ముడి బిగించారు.

"ముడి నువ్వేస్తే, పడ్డ చేప నాదెలా అవుతుందే?" అన్నారాయన.

"చేప ఆ నీళ్లదండీ. కబుర్లాపి గాలం వెయ్యండి."

ఆ రోజు పడిన చేప అంత పెద్దది నేను మళ్లీ చూడలేదు. రాడ్ విల్లులా వంగిపోయినా ఆయన ఒక్కరే లాగారు. నీళ్లలోనే రెండు చేతులా పట్టుకుని, అది తేరుకుని తోక ఆడించేదాకా ఆగి వదిలారు. ఆ వీడియో పోస్ట్ చేస్తే ఎవడో 'వేస్ట్ చేశారు' అని కామెంట్ పెట్టాడు. బ్లాక్ చేశాను. ఆ తర్వాత కూడా ఒంట్లో బాగున్న ప్రతి శనివారం ముగ్గురం వెళ్లాం. చలికాలంలో నిమోనియా వచ్చి, హాస్పిటల్ నుంచి ఆయన ఇంక తిరిగి రాలేదు.

అంత్యక్రియల రోజు బంధువొకాయన ఆంటీతో, "ఆ ఒంటితో అన్నయ్యని నీళ్ల మీద తిప్పడమేంటి వదినా? మానమని గట్టిగా చెప్పాల్సింది" అన్నారు. నాకు కోపం తన్నుకొచ్చి ముందుకి కదిలాను. ఆంటీ నా చెయ్యి పట్టుకుని ఆపారు.

"ఆయన ఇచ్చిన మాట ప్రకారం పడవ దిగిపోయారు బాబూ. మళ్లీ ఎక్కించింది నేనే" అన్నారు.

ఆ బంధువు తల దించుకున్నారు. ఆంటీ నా చెయ్యి వదల్లేదు. ఆయనలా మాట మీద నిలబడ్డ మనిషి మళ్లీ నాకు దొరకరు. మల్లి గారూ, మీకు నా నమస్కారం.