నేను టైపు చేయని నాలుగో భాగం

మా సార్ ఎంపీగా ఉన్న ఆఖరి సంవత్సరం అది. మూడుసార్లు లోక్‌సభ, రెండుసార్లు రాజ్యసభ. ఢిల్లీలో ఎన్ని కమిటీల్లో కూర్చున్నా, ఆయన ప్రశ్నలు మాత్రం గోదావరిఖని క్యాంపు ఆఫీసులో నా బల్ల మీదే తయారయ్యేవి. మంథని నుంచి రోజూ బస్సులో వచ్చి వాటిని టైపు చేయడమే నా ఉద్యోగం. జనం గంటసేపు చెప్పిన గోడును నాలుగు వాక్యాలకు కోసేయగలనని కొంచెం గర్వం కూడా ఉండేది.

సభలో లేచి అడిగేది స్టార్డ్ క్వశ్చన్. రాతపూర్వకంగా జవాబు వచ్చేది అన్‌స్టార్డ్ క్వశ్చన్. ఎంపీల నోటీసులన్నీ కలిపి బ్యాలెట్, అంటే లాటరీ, తీస్తారు. ఆ లాటరీలో ఏళ్ల తరబడి రాని ప్రశ్న మా దగ్గర ఒకటి ఉండేది. అది మల్లవ్వది.

చాలా ఏళ్ల కిందట, ఇప్పుడు మూతబడిన ఒక గనిలో నిప్పు లేచింది. గాలి అందకుండా గోడ కట్టి ఆ భాగాన్ని మూసేశారు. దీన్నే సీలింగ్ అంటారు. మల్లవ్వ భర్త రాజలింగు లోపలే ఉండిపోయాడు. అందరూ పైకి వస్తుంటే అన్నం తెచ్చుకున్న సద్దిడబ్బా మరిచిపోయి వెనక్కి వెళ్లాడని కాగితాల్లో రాశారు. కాలనీలో అదొక నవ్వులాట అయిపోయింది. ఆమె శవాన్ని కూడా అడగలేదు. ఆ డబ్బా మాట చెరిపించమని మాత్రం అడిగేది.

సమావేశాల తేదీలు మాకు తెలియకముందే ఆమె వచ్చేసేది. ఎలా తెలుస్తుందని అడగాలంటే నాకు జంకు. ఆ ఏడాదీ అలాగే వచ్చి కూర్చుంది.

“బిడ్డా, ఈసారి ఇద్దరి గురించి అడుగు.”

“ఇద్దరెవరు అవ్వా?”

“రెండో షిఫ్టు సైరన్ కూయంగనే ఆయన వాకిట్లకు వస్తడు. నా పెనిమిటి బూట్ల సప్పుడు నాకెరుకే గద. ఆయన ఎనక ఇంకో మనిషి నడుస్తున్నడు. ఉత్త కాళ్లు.”

తలెత్తి వాకిలి వైపు చూశాను. అయినా ఉద్యోగం ఉద్యోగమే. “కాగితాల్ల ఒక్కరే ఉన్నరవ్వా. లేనోళ్ల గురించి అడిగితే ప్రశ్నే కొట్టేస్తరు” అని ఎప్పటిలాగే మూడు భాగాలు టైపు చేశాను. ప్రమాదం జరిగింది నిజమేనా, రాజలింగు వెనక్కి ఎందుకు వెళ్లాడు, రికార్డు సరిచేస్తారా. సార్ సంతకం పెట్టారు. జిరాక్స్ తీసి ఫైల్లో పెట్టుకున్నాను.

ఈసారి లాటరీలో వచ్చింది. జవాబు కాగితంలో భాగాలు వేలు పెట్టి లెక్కపెట్టాను. ప్రశ్నకు నాలుగు భాగాలున్నాయి. నాలుగోది: ‘ఆ షిఫ్టులో తిరిగి రాని క్యాప్ ల్యాంపులు ఎన్ని?’ క్యాప్ ల్యాంపు అంటే కార్మికుడి టోపీకి పెట్టుకునే లైటు. గనిలోకి దిగేముందు ల్యాంపు రూంలో తీసుకుని, పైకొచ్చాక అప్పగించాలి.

జవాబు: రెండు. ఒకటి రాజలింగుది. రెండోదాని ఎదుట పేరు లేదు. ఆ రెండో మనిషిని వెతకడానికే రాజలింగు వెనక్కి వెళ్లినట్టు అప్పటి ఓవర్‌మన్, అంటే షిఫ్టు పని చూసే అధికారి, డైరీలో ఉందనీ, రికార్డు సరిచేస్తామనీ రాశారు.

ఫైలు తీసి చూశాను. జిరాక్సులో మూడే భాగాలు. వెంటనే సార్‌కు ఫోన్ చేశాను.

“సార్, మీరేమన్న కలిపిన్రా?”

“నేను బడిపంతులు పని చేసినోన్నయ్యా. ల్యాంపు రూం ముచ్చట నాకేం ఎరుక? నువ్వే రాసి ఉంటవు.” గొంతు తగ్గించారు. “నువ్వు రాయలేదా?”

మల్లవ్వ ఆ జవాబును రెండుసార్లు చదివించుకుంది. “డబ్బా కోసం పోలె. మనిషి కోసం పోయిండు” అని కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. నాకూ కళ్లు నిండాయి.

కొన్ని నెలలకు మళ్లీ వచ్చింది. “ఆయన వస్తలేడు బిడ్డా. ఆ ఉత్తకాళ్ల మనిషి ఒక్కడే వస్తున్నడు. పేరేందో సర్కారును అడుగు.”

అప్పటికి సార్ పదవీకాలం ముగిసింది. “అడిగే హక్కు మనకిప్పుడు లేదవ్వా” అన్నాను.

“గట్లయితే నీ కాడికే పొమ్మంట” అని లేచి వెళ్లిపోయింది.

ఇప్పుడు అదే గదిలో జనానికి అర్జీలు రాసి పెడుతున్నాను. ఎవరేం చెప్పినా ముందు చెప్పింది చెప్పినట్టు రాసుకుంటాను, కోత తర్వాత. మల్లవ్వ కేసు నాకు నేర్పింది అదే. రెండో షిఫ్టు సైరన్ కూసినప్పుడు వరండాలో ఉత్తకాళ్ల అడుగుల చప్పుడవుతుంది. తెల్ల కాగితం ముందు పెట్టుకుని కూర్చుంటాను. ఆయన ఇంకా పేరు చెప్పలేదు.