ఆ అడవిలో పేర్లు పిలవకూడదు

కోవిడ్ ఆంక్షలు పూర్తిగా ఎత్తేసిన మరుసటి ఏడు, చలికాలం. ఇల్ఫర్డ్‌లో ఒక టేక్‌అవే పైనున్న చిన్న గది నా ట్రావెల్ ఆఫీసు. బ్రిటన్‌లోని తెలుగువాళ్ళను గుంపులుగా ఊళ్ళు తిప్పి తీసుకురావడం నా పని. నలభై ఏళ్ళుగా ఇదే వృత్తి, నేను చూడని దీవి లేదు అని కొత్త కస్టమర్లకు చెబుతుంటాను. నిజానికి ఇరవై ఏళ్ళే. దీవులు ఆరు. అందులో ఒకటి పోర్ట్స్‌మత్‌లో ఫెర్రీ ఎక్కితే వచ్చే ఐల్ ఆఫ్ వైట్.

ఆ ఏడు ట్రినిడాడ్‌కి టూర్ వేశాను. కరీబియన్ అంటే ఇసుకా కొబ్బరిచెట్లే అనుకుంటారు. నాది నేచర్ అండ్ హెరిటేజ్ టూర్, అంటే అడవులూ పాత కట్టడాలూ చూపించేది. కాలికింద మెత్తగా దిగే తారు సరస్సు, సాయంత్రం ఎర్రటి కొంగలు వచ్చి వాలే మడ అడవి, మన దేశం నుంచి ఓడల్లో కూలికి వెళ్ళినవాళ్ళు చెరుకు నరికిన తోటలు, అడవి మింగేసిన చక్కెర మిల్లులు.

నాటింగ్‌హామ్ నుంచి సువార్తమ్మగారు ఫోన్ చేశారు. నర్సుగా చేసి రిటైరైన మనిషి. భర్త ప్రకాశరావుగారికి మతిమరుపు జబ్బు మొదలైంది.

“ఈయన్ని తీసుకురావచ్చా అన్నయ్యగారూ?”

“ఇన్సూరెన్స్ వాళ్ళకి చెప్పారామ్మా?”

“అన్నీ చెప్పానండి. ఇంకొన్నాళ్ళకి నేనెవరో కూడా తెలియకపోవచ్చంటున్నారు మా జీపీ డాక్టరు. తెలిసున్నప్పుడే ఇద్దరం కలిసి ఏదైనా చూడాలని. చెయ్యి వదలను. మీకు ఇబ్బంది రానివ్వను.”

కాదనలేకపోయాను.

మిల్లు చూడబోయిన రోజు అడవి అంచున బస్సు ఆగింది. మా పనిలో రోల్ కాల్ అని ఒకటుంది. ఆగిన ప్రతిచోటా పేర్లు పిలిచి అందరూ ఉన్నారో లేదో చూసుకోవడం. మనవాళ్ళు ఫోటోలకోసం తలో దిక్కుకీ పోతారు కాబట్టి గట్టిగా అరిస్తే తప్ప పని జరగదు. నేను అరవడం మొదలుపెట్టగానే ఆ ఊరి గైడు మిస్ పర్ల్ నా భుజం పట్టుకుంది. అరవై దాటిన భారీ మనిషి.

“తలలు లెక్కపెట్టుకో మిస్టర్ మూర్తీ. ఇక్కడ పేర్లు పిలవకు.”

“ఏం?”

“డ్వెన్లు వింటాయి. బాప్తిస్మం కాకుండానే పోయిన పిల్లలు. ముఖం ఉండదు, పాదాలు వెనక్కి తిరిగి ఉంటాయి. పేరు వింటే నేర్చుకుంటాయి. తర్వాత నీవాళ్ళ గొంతుతో నిన్ను పిలుస్తాయి.”

“పాపం, పసిబిడ్డలు,” అన్నారు సువార్తమ్మగారు.

నేను నవ్వేశాను. “మావాళ్ళు పేరు పెట్టి పిలిస్తేనే కదలరు మిస్ పర్ల్. మీ పిల్లలకి తెలుగు పేర్లు నోరు తిరగవులే.” మిగతా జాబితా అంతా చదివాను. ప్రకాశరావుగారు పలకడానికి ఆలస్యం చేస్తారు కనుక ఆయన పేరు అందరికంటే ఎక్కువసార్లు అరిచాను.

మిల్లు దగ్గర బస్సంత లావు పాము కనబడిందని మా ఆఫీసులో చెబుతుంటాను. సైకిల్ ట్యూబంత ఉంటుంది. అది కూడా మమ్మల్ని చూసి పారిపోయింది. భయపెట్టింది పాము కాదు, నిశ్శబ్దం. దారంతా కూసిన పక్షులు మిల్లు గోడలు కనబడగానే ఆగిపోయాయి. పొగగొట్టం మీదినుంచి చెట్ల వేళ్ళు వేలాడుతున్నాయి. తుప్పుపట్టిన ఇనుప చక్రం సగం నేలలో కూరుకుపోయి ఉంది.

ఉన్నట్టుండి వాన దంచింది. అందరం రేకుల షెడ్డు కిందికి పరుగెత్తాం. భర్తకి రెయిన్‌కోటు తొడగడానికి సువార్తమ్మగారు ఆయన చెయ్యి వదిలి బ్యాగు జిప్పు లాగారు. తలెత్తేసరికి ఆయన లేరు.

“ఇక్కడే ఉన్నారండీ... ఇప్పుడే, ఇక్కడే!”

నేను “ప్రకాశరావుగారూ!” అని అరిచాను. మావాళ్ళందరూ అరిచారు. చెట్ల వెనకనుంచి అరుపు తిరిగి వచ్చింది. ప్రతిధ్వనే అనుకున్నాను. కానీ ప్రతిధ్వనైతే చివరనున్న ‘గారూ’ కదా వినిపించాలి. వచ్చింది పేరొక్కటే. ‘గారూ’ లేదు.

మిస్ పర్ల్ నా నోటికి చెయ్యి అడ్డుపెట్టింది. “ఇక చాలు. ఎవరూ పేరు అనొద్దు.” సువార్తమ్మగారి వైపు తిరిగి, “ఇంట్లో ఆయన్ని ఏమని పిలుస్తావు?” అని అడిగింది.

“నేను పేరు పెట్టి పిలవను. పెళ్ళైనప్పటినుంచీ పిలవలేదు. డాక్టరు దగ్గర అడిగినా ఆయన పేరున్న కార్డు చూపిస్తాను.”

“అయితే ఎలా పిలుస్తావో అలాగే పిలువు.”

ఆమె చెట్లవైపు తిరిగి, “ఏమండీ!” అన్నారు. అడవి తిరిగి ఏమీ అనలేదు. ఇంకాస్త గట్టిగా, “ఏమండోయ్!”

చాలా దగ్గరనుంచి, “ఊఁ. ఇక్కడున్నా,” అని వినిపించింది.

ముందు నేనే ఉరికానని ఇల్ఫర్డ్‌లో అందరికీ చెప్పాను. ఉరికింది సువార్తమ్మగారు, వెనకాలే మిస్ పర్ల్. నేను షెడ్డు స్తంభం వదిలి అందరికంటే ఆఖర్న వెళ్ళాను. మిల్లు వెనక పెద్ద చక్రం తిరిగిన రాతి గుంట ఉంది. లోపలంతా పచ్చటి నీళ్ళు, పైన ఆకులు పరుచుకుని నేలలాగే కనబడుతోంది. దానికి రెండు అడుగుల ఇవతల, వానలో తడుస్తూ, బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు ప్రకాశరావుగారు. గుంట చుట్టూ వెనక్కి తిరిగిన చిన్న పాదాల అచ్చులు చూశానని కూడా చెబుతుంటాను. చూడలేదు. బురదంతా వానకి కలిసిపోయింది.

సువార్తమ్మగారు ఆయన రెండు చేతులూ పట్టేసుకున్నారు. “ఎందుకొచ్చారండీ ఇటు?”

“నువ్వే పిలిచావుగా.”

“నేనా?”

“ప్రకాశరావూ, ఇలా రా, ఇలా రా అని. గొంతు నీదే. దాని వెంటే నడిచాను. నడుస్తుంటే అనుమానమొచ్చింది. మా ఆవిడ నన్నెప్పుడూ పేరు పెట్టి పిలవదే అని. అందుకే కూర్చుండిపోయా. అది అక్కణ్ణుంచి ఇంకా పిలుస్తూనే ఉంది,” అంటూ నీళ్ళ అవతలి ఒడ్డు చూపించారు. “నువ్వొస్తావులే అనుకున్నా.”

అటువైపు ఎవరూ లేరు. మిస్ పర్ల్ మాత్రం అటు చూడలేదు, మమ్మల్ని కూడా చూడనివ్వలేదు.

ఆ పొద్దున హోటల్లో కూతురి పేరు గుర్తురాక తడబడిన మనిషాయన. ఏ ఊళ్ళో ఉన్నామో చెప్పలేని మనిషి. భార్య నోట తన పేరు రాదన్న సంగతి మాత్రం ఆయనలో చెక్కుచెదరలేదు. ఆ రోజు ఆయన్ని ఆపింది అదే. నా రోల్ కాల్ కాదు, నా అనుభవం అసలే కాదు.

జబ్బు బుర్రలో అలాంటి మాటలు పుట్టడం మామూలేనని తర్వాత ఒక డాక్టరు నాకు చెప్పాడు. ఉండొచ్చు. ‘గారూ’ లేకుండా తిరిగొచ్చిన పేరు విన్నది మాత్రం నా బుర్ర.

ఇప్పుడు అడవుల్లో నేను రోల్ కాల్ తీసుకోను. భుజాలు తట్టి లెక్కపెట్టుకుంటాను. టూరుకి బుక్ చేసుకోవడానికి ఎవరొచ్చినా, పాస్‌పోర్టు అడగకముందే, ఇంట్లో మిమ్మల్ని ఏమని పిలుస్తారని అడుగుతాను. చాదస్తమని నవ్వుతారు. నవ్వనివ్వండి. వాళ్ళు చెప్పబోయేముందు మాత్రం నేను లేచి వెళ్ళి కిటికీ మూస్తాను.